నొప్పి లేని రోజుల్లో చేసే చికిత్స: పిల్లల మైగ్రేన్‌కు ఒక ఆన్‌లైన్ స్వీయ శిక్షణ

మా అమ్మాయికి 15 ఏళ్లు. పదకొండో ఏట మొదలైన మైగ్రేన్ ఏడాదికేడాది ముదిరి, కిందటి చదువు సంవత్సరంలో నెలకు పది పన్నెండు రోజులు చీకటి గదిలో తలుపు మూసుకుని పడుకోవలసిన స్థితికి వచ్చింది. తనను చూస్తున్న నరాల వైద్యురాలు మందులు కొనసాగిస్తూనే, 11 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం తయారుచేసిన, ఆలోచనలను, అలవాట్లను దిద్దే ఒక ఆన్‌లైన్ శిక్షణను కూడా చేయించి చూడమన్నారు. అది ఎనిమిది వారాలు నడుస్తుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడే నిపుణులెవరూ అందులో ఉండరు. వారానికొక పాఠం, కొన్ని వీడియోలు, ఆడియో అభ్యాసాలు, రోజూ నింపవలసిన తలనొప్పి డైరీ, తల్లిదండ్రులకు విడిగా నాలుగు పాఠాలు ఉంటాయి. పిల్లలు తమకు వీలైన వేళ తమంతట తామే చేసుకుంటూ పోవాలి. మేము దాన్ని మొదటి నుంచి చివరి దాకా చేశాము, ఆ తర్వాత మరో మూడు నెలలు ఫలితం గమనించి ఇప్పుడు రాస్తున్నాను. పేరు రాయకపోవడానికి కారణం ఉంది: ఈ కోవకు చెందిన కార్యక్రమాలన్నింటి లోపలి కట్టుబడి ఇంచుమించు ఒకటే కనుక, నేను ఎత్తిచూపబోయే లోపాలను ఒక్కదానికే అంటగట్టడం న్యాయం కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అది నేర్పే విషయాలు మంచివి, నేర్పే తీరు సగమే మంచిది, 'స్వయంగా' అన్న మాట మాత్రం తల్లిదండ్రులను తప్పుదారి పట్టిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది తలనొప్పి వచ్చిన రోజున అక్కరకు వచ్చే వస్తువు కాదు. నొప్పి లేని రోజుల్లో, అంటే పిల్లలకు దాని ఊసే ఎత్తాలనిపించని రోజుల్లో, కూర్చుని చేయవలసిన సాధన ఇది. ఈ ఒక్క సంగతి మొదటి పాఠంలోనే పెద్ద అక్షరాలతో చెప్పి ఉంటే మాకు రెండు వారాలు కలిసివచ్చేవి.

చెప్పలేదు కనుకనే మొదటి రోజు అభాసుపాలయ్యాము. ఖాతా తెరిచిన నాటి సాయంత్రమే అమ్మాయికి కణతల దగ్గర మొదలైంది. ఇదే సమయమనుకుని నేనే ఫోను చేతికిచ్చాను. తెర నిండా తెల్లటి వెలుగు, దాని మీద నీలిరంగు గుండ్రాలు పెద్దవవుతూ చిన్నవవుతూ ఉన్నాయి, వాటిని చూస్తూ ఊపిరి పీల్చి వదలాలట. అమ్మాయి రెండు క్షణాలు చూసి ఫోనును పరుపు మీద బోర్లించి, దిండు మొహం మీదికి లాక్కుంది. వెలుతురు సహించలేకపోవడం ఒక ముఖ్య లక్షణంగా ఉన్న జబ్బుకు, కదిలే బొమ్మలతో మెరిసే తెర మీద చికిత్స పెట్టినవాళ్లు ఆ జబ్బు ఉన్న పిల్లలకు దాన్ని ఒక్కసారైనా చూపించారా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. తెరను నల్లగా మార్చుకునే వీలు ఉన్నమాట నిజమే కానీ, అది సెట్టింగులలో మూడు మెట్లు దిగితే గాని దొరకదు. అదే అన్నిటికంటే ముందు కనబడాలి.

మర్నాడు తల తేలికపడ్డాక అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న వేరు. "మనసుకు చేసే వైద్యం అంటున్నారు కదమ్మా, అంటే నాకు నిజంగా నొప్పి లేదనా వీళ్ల ఉద్దేశం?" మైగ్రేన్ ఉన్న పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్న నింద ఇది. బడి ఎగ్గొట్టడానికి నాటకమన్న మాట తరగతిలోనూ విన్నది, బంధువుల నోటా విన్నది. ఈ కార్యక్రమానికి మంచి మార్కు వేయవలసిన మొదటి చోటు ఇదే. తొలి పాఠంలోనే మైగ్రేన్ మెదడుకు, నరాల వ్యవస్థకు సంబంధించిన వ్యాధి అని, నొప్పి పూర్తిగా నిజమని, అయితే ఆ నరాల వ్యవస్థ నిద్ర, ఆకలి, ఆందోళన, శరీరపు బిగుతు వంటి వాటికి మితిమీరి స్పందిస్తుంది కనుక వాటిని సరిదిద్దుకోవడం కూడా చికిత్సలో భాగమేనని ఆరు నిమిషాల వీడియోలో చక్కగా చెప్పారు. పిల్లలలో నొప్పి తరచుగా తలకు రెండు వైపులా వస్తుందని, పెద్దవాళ్లలో నాలుగు గంటలకు తక్కువ కాకుండా ఉండేది పిల్లలలో రెండు గంటల్లోనే ముగిసిపోవచ్చని కూడా అందులోనే ఉంది. 'ఒక పక్కే రావాలి కదా, ఇది మైగ్రేన్ ఎలా అవుతుంది' అని నాలుగేళ్ల కిందట నేనే వాదించాను కనుక ఆ వాక్యం దగ్గర కాస్త తలదించుకున్నాను.

ఇలాంటి శిక్షణ వెనుక ఆధారం లేకపోలేదు. 8 నుంచి 17 ఏళ్ల పిల్లలకు మైగ్రేన్ రాకుండా ఇచ్చే రెండు మందులను, అమిట్రిప్టిలిన్‌ను, టోపిరమేట్‌ను, ఉత్తుత్తి మాత్రతో పోల్చిన అమెరికా పరిశోధన ఒకటి 2017లో ప్రచురితమైంది. తలనొప్పి రోజులు సగానికో అంతకంటే ఎక్కువగానో తగ్గిన పిల్లలు అమిట్రిప్టిలిన్ వాడినవాళ్లలో 52 శాతం, టోపిరమేట్ వాడినవాళ్లలో 55 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 61 శాతం. మందులు నిరుపయోగమని దీనికి అర్థం కాదు. పిల్లల మెదడు నమ్మకానికి, క్రమబద్ధమైన దినచర్యకు, తనను ఎవరో పట్టించుకుంటున్నారన్న భరోసాకు ఎంతగా స్పందిస్తుందో ఆ 61 చెబుతోంది. అంతకు ముందు, 2013లో, దీర్ఘకాలిక మైగ్రేన్ ఉన్న 135 మంది పిల్లలందరికీ అమిట్రిప్టిలిన్ ఇస్తూ, సగం మందికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను దిద్దే శిక్షణ, మిగతా సగానికి తలనొప్పి గురించిన పాఠాలు మాత్రమే చెప్పి చూశారు. మొదట 28 రోజుల్లో 21 రోజులు బాధపడుతున్న ఆ పిల్లలకు, 20 వారాల తర్వాత, శిక్షణ పొందిన గుంపులో సగటున 11.5 రోజులు, పాఠాలు మాత్రమే విన్న గుంపులో 6.8 రోజులు తగ్గాయి. 2019లో అమెరికా నరాల వైద్యుల సంఘం, తలనొప్పి వైద్యుల సంఘం కలిసి ఇచ్చిన మార్గదర్శకాలలో ఈ శిక్షణను అమిట్రిప్టిలిన్‌తో కలిపి సిఫారసు చేయడానికి ఇదే ముఖ్యమైన ఆధారం.

కానీ ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని ఈ కార్యక్రమపు పరిచయ పుటలో సున్నితంగా దాటేశారు. 2013 నాటి ఆ ఫలితం శిక్షకులు పిల్లలకు ఎదురుగా కూర్చుని నేర్పినందువల్ల వచ్చింది. అదే శిక్షణను తెర మీదికి ఎక్కించినప్పుడు కథ అంత సూటిగా లేదు. తలనొప్పి ఉన్న 83 మంది పిల్లలతో 2015లో వెలువడిన ఒక ప్రాథమిక పరిశోధనలో, ప్రత్యేక వైద్యంతోపాటు ఆన్‌లైన్ శిక్షణ కూడా తీసుకున్నవాళ్లకు, వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్లకు మధ్య తలనొప్పి రోజుల తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండు గుంపులూ మెరుగయ్యాయి. 2020లో, శిక్షకులు లేకుండా ఫోనులోనే నడిచే వెబ్‌మ్యాప్ మొబైల్ అనే కార్యక్రమాన్ని దీర్ఘకాలిక నొప్పులున్న 143 మంది పిల్లలతో పరీక్షించినప్పుడు, నొప్పిలో, ఇబ్బందిలో గుంపుల మధ్య తేడా తేలలేదు గాని, వాడిన పిల్లలు తమకు మెరుగైందని ఎక్కువగా చెప్పారు, పాఠాలను ఎక్కువగా చేసినవాళ్లకు ఎక్కువ ఉపశమనం కలిగింది. చేసినవాళ్లకే ఫలితం అన్న ఆ చివరి ముక్కను గుర్తుంచుకోవాలి; మా ఇంట్లో జరిగినదంతా దాని చుట్టూనే తిరిగింది.

డైరీ సంగతి చూద్దాం. ప్రతి సాయంత్రం ఏడున్నరకు ఫోను మోగి, 'ఈ రోజు నీ నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత?' అని అడుగుతుంది. నిద్ర ఎన్ని గంటలు, ఉదయం ఏమైనా తిన్నావా, నీళ్లు తాగావా, మాత్ర వేసుకున్నావా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. మూడు వారాల డైరీని ఒకచోట పెట్టి చూస్తే మాకు తెలియని రెండు సంగతులు బయటపడ్డాయి. సెలవు రోజున పది దాటేదాకా పడుకున్న ప్రతిసారీ ఆ సాయంత్రమో మర్నాడో నొప్పి వచ్చింది. ఉదయం ఏమీ తినకుండా బడికి పరిగెత్తిన రోజుల్లో సగానికి పైగా మధ్యాహ్నపు తరగతులు పోయాయి. ఇవి వైద్యురాలు నాలుగేళ్లుగా చెబుతున్నవే. ఆవిడ చెప్పినప్పుడు తల ఊపిన అమ్మాయి, తన వేలితో తను నొక్కిన అంకెలు చెప్పినప్పుడు నమ్మింది.

అయితే డైరీలో రెండు పెద్ద లోపాలున్నాయి. ఒకటి, రోజంతా హాయిగా గడిపిన పిల్లను కూడా సాయంత్రం పిలిచి నొప్పి ఎంత అని అడగడం. అదే కార్యక్రమం తల్లిదండ్రుల పాఠంలో 'నొప్పి ఉందా అని మాటిమాటికి అడగకండి' అని బోధిస్తుంది, తను మాత్రం రోజూ గంట కొట్టి మరీ అడుగుతుంది. రెండోది ఇంకా తీవ్రమైనది. మాత్ర వేసుకున్నావా అని అడుగుతుందే తప్ప, నెలలో ఎన్ని రోజులు వేసుకున్నదీ లెక్క కట్టి చూపదు. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్ల వంటివి 10 రోజులు, లేదా అంతకంటే ఎక్కువ రోజులు, మూడు నెలలకు మించి వాడితే, ఆ మాత్రలే కొత్త తలనొప్పికి కారణమవుతాయన్నది తలనొప్పి వైద్యంలో అందరికీ తెలిసిన విషయం. అంకెలన్నీ చేతిలో ఉండి కూడా ఆ ఒక్క కూడిక చేసి హెచ్చరించకపోవడం క్షమించరాని బద్ధకం. నేనే చేత్తో లెక్క వేసుకున్నాను. మా అమ్మాయిది తొమ్మిది దగ్గర ఉంది.

రెండు, మూడు వారాలు ఊపిరికి, కండరాలకు కేటాయించారు. పొట్ట ఉబ్బేలా నెమ్మదిగా గాలి పీల్చి అంతకంటే నెమ్మదిగా వదలడం, పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కో కండరాన్ని బిగించి వదిలేయడం నేర్పుతారు. ఈ బిగించి వదిలే పద్ధతి కొత్తదేమీ కాదు. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికా వైద్యుడు దాదాపు వందేళ్ల కిందటే దీన్ని రూపొందించారు. మొదటి రెండు రోజులు అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. మూడో రోజు దవడ దగ్గరికి వచ్చేసరికి ఆగి, "అమ్మా, నేను బిగించకముందే ఇది బిగుసుకుని ఉంది" అంది. వేలు పెట్టి చూశాను, చెవి కింద కండరం గోలీకాయలా ఉంది. లెక్కలు చేస్తున్నప్పుడు తను పళ్లు బిగబడుతుందని, భుజాలు చెవుల దాకా ఎత్తి కూర్చుంటుందని ఇన్నేళ్లు ఎదురుగా ఉన్న నేను కూడా గమనించలేదు. ఆ రోజు నుంచి పుస్తకం అట్ట మీద ఒక చిన్న చుక్క పెట్టుకుంది. అది కంటబడినప్పుడల్లా దవడ వదలాలి. ఇందుకు ఏ యాప్ అక్కరలేదు, కానీ ఆ యాప్ లేకపోతే ఆ చుక్క ఉండేది కాదు.

ఆడియోలు మాత్రం మాకు పడలేదు. 18 నిమిషాల నిడివి, పసిపిల్లను జోకొట్టే గొంతు, వెనకాల అలల చప్పుడు. పదిహేనేళ్ల పిల్లకు అది ఓదార్పులా కాక అవమానంలా తోచింది. చివరికి ఆ మాటలనే తను కాగితం మీద రాసుకుని, అక్కరలేనివి కొట్టేసి, ఏడు నిమిషాలకు కుదించి తన గొంతుతోనే రికార్డు చేసుకుంది. ఇప్పటికీ రాత్రి పడుకునే ముందు వింటున్నది దాన్నే. ఎనిమిది వారాల్లో తను ఇష్టంగా చేసిన పని ఏదని అడిగితే అదే చెబుతుంది. ఆ వీలును తయారీదారులే ఎందుకు కల్పించలేదో నాకు అర్థం కాదు.

నాలుగో వారంలో ఆలోచనల పాఠం వస్తుంది. ఈ శిక్షణకు గుండెకాయ ఇదే, తెర మీది చికిత్సకు ఉన్న హద్దు తేటతెల్లంగా కనిపించిందీ ఇక్కడే. నొప్పి మొదలవగానే మనసులోకి వచ్చే మాటను ఉన్నదున్నట్టు రాయాలి, అది ఎంతవరకు నిజమో సాక్ష్యాలతో బేరీజు వేయాలి, దాని బదులు ఇంకొంచెం నిజాయితీ గల మాట ఒకటి రాయాలి. 'ఈ పరీక్ష పోయినట్టే' అన్నదానికి బదులు 'కిందటిసారి కూడా ఇలాగే వచ్చింది, అరగంట ఆలస్యంగా కూర్చున్నా రాశాను' అని అమ్మాయి రాసుకుంది. ఇది చాలా మంచి అభ్యాసం. అంతా బాగానే ఉంటుందిలే అన్న పొడి ఓదార్పుకు, దీనికి మధ్య ఉన్న తేడాను పాఠంలో మూడు ఉదాహరణలతో స్పష్టం చేశారు. కానీ ఆ వారం చివర, వరుసగా మూడు రోజులు నొప్పితో గడిపాక, తను అదే గడిలో 'నేను ఇక ఎప్పటికీ మామూలు పిల్లలా ఉండలేను' అని రాసి పంపింది. వెంటనే ఆకుపచ్చ టిక్కు పడి, 'చాలా బాగా రాశావు! నీ వరుస 9 రోజులకు చేరింది!' అని, మానకుండా చేసిన రోజుల లెక్క చెబుతూ, తెర మీద రంగు కాగితాలు రాలాయి.

అమ్మాయి దాన్ని నాకు చూపించి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట చదివే మనిషి ఒక్కరు అవతల ఉండి ఉంటే, ఆ సాయంత్రం ఒక ప్రశ్న అడిగి ఉండేవారు. మైగ్రేన్ ఉన్న పిల్లలలో దిగులు, ఆందోళన తోడుగా ఉండడం అరుదు కాదు. అలాంటి గడిని పిల్లల ముందు పెట్టినవాళ్లు, అందులో రాసినదాన్ని ఎవరూ చదవరని కనీసం ఆ గడి పక్కనే చెప్పాలి. ఇక్కడ ఆ సంగతి నిబంధనల పుటలో, ఎవరూ చదవని చోట ఉంది. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాము, ఆ వారమే వైద్యురాలికి కూడా చెప్పాము.

ఐదో వారంలో ఆగిపోయాము. వరుస తెగింది, తెగిన వరుసను చూసి తనకు విసుగు పుట్టింది, 'మేము నిన్ను మిస్ అవుతున్నాము' అని రోజుకు రెండుసార్లు వచ్చే సందేశాలు ఆ విసుగును చిరాకుగా మార్చాయి. నొప్పి వచ్చి పడుకున్నందువల్లే వరుస తెగిందని, జబ్బు పడ్డందుకు జబ్బు యాప్ తనను నిలదీస్తోందని అమ్మాయి అన్న మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఇంటర్నెట్ ద్వారా నడిచే ఆరోగ్య కార్యక్రమాలలో ఎక్కువమంది మధ్యలో మానేయడం ఎంత మామూలో చెబుతూ గుంథర్ ఐసెన్‌బాఖ్ అనే పరిశోధకుడు 2005లోనే దానికి ఒక సూత్రమని పేరు పెట్టారు. కనుక ఇది మా అమ్మాయి సోమరితనం అనుకోవడానికి వీల్లేదు. ఈ వస్తువు స్వభావంలోనే ఉన్న చిల్లు అది.

మేము దాన్ని పూడ్చుకున్న తీరు చెబుతాను. నోటిఫికేషన్లన్నీ ఆపేశాము. డైరీని రోజూ కాక, నొప్పి వచ్చిన రోజులకు మాత్రమే, అదీ మర్నాడు నింపాలనుకున్నాము. శనివారం పొద్దున్న, తల తేలికగా ఉన్న గంట చూసుకుని, ఆ బల్లకే ఒక పక్క తను పాఠం చేసేది, మరో పక్క నేను నా పని చేసుకునేదాన్ని. తెర వైపు చూసేదాన్ని కాదు, ఏం రాశావని అడిగేదాన్ని కాదు. అడగాలనిపిస్తే తనే అడిగేది. మిగిలిన నాలుగు పాఠాలు ఆరు వారాల్లో పూర్తయ్యాయి. 'స్వయంగా' అన్న మాట దగ్గర నాకున్న పేచీ ఇదే: నిపుణులు చేయవలసిన ఆ కాపలా పని ఎక్కడికీ పోలేదు, చడీచప్పుడు లేకుండా ఇంట్లోవాళ్ల మీదికి వచ్చింది. శనివారం పొద్దున్న తీరికగా కూర్చోగల పెద్దవాళ్లు లేని ఇంట్లో పిల్ల సంగతి ఏమిటన్నది ఈ తయారీదారులు ఆలోచించవలసిన విషయం.

నిద్ర పాఠంలో కొత్తదేమీ లేదు. ఎనిమిది నుంచి పది గంటల నిద్ర, సెలవు రోజైనా లేచే వేళ గంటకు మించి జరపకపోవడం, పడుకునే ముందు తెర కట్టేయడం. ఈ చివరి సలహాను ఫోనులో రాత్రి తొమ్మిదికి సందేశంగా పంపుతారు.

బడి పాఠం మాత్రం మెచ్చుకోదగ్గది. మైగ్రేన్ పిల్లలకు బడి ఒక ఊబి. ఒక రోజు పోతే వెనకబడతారు, వెనకబడ్డామన్న కంగారు మరో రోజును పోగొడుతుంది. అందుకని 'పూర్తిగా తగ్గాక వెళ్లడం' అన్న ఆలోచనను వదిలి, సగం రోజైనా, రెండు తరగతులకైనా వెళ్లిరావడం ఎలాగో ఆ పాఠం నేర్పుతుంది. బడికి ఇవ్వవలసిన ఉత్తరం నమూనా కూడా అందులో ఉంది: లక్షణాలు మొదలవగానే చేయెత్తి అడగనవసరం లేకుండా నీళ్లు తాగి మాత్ర వేసుకోవడానికి అనుమతి, అరగంట చీకటి గదిలో పడుకునే ఏర్పాటు, తగ్గగానే ఇంటికి కాక తరగతికి తిరిగి రావడం. మెడ పట్టేయడం, ఊరకే ఆవలింతలు రావడం, కారణం లేని చిరాకు వంటి ముందస్తు సూచనలను గుర్తించి, వైద్యులు రాసిన మాత్రను ఆలస్యం చేయకుండా వేసుకోవాలన్నది ఆ పాఠంలోని మరో మంచి ముక్క. అంతకు ముందు మా అమ్మాయి 'తగ్గుతుందేమో' అని దాచుకుని, ఇక భరించలేని దశలో మాత్ర అడిగేది. అప్పటికి వాంతి మొదలయ్యేది, మాత్ర నిలిచేది కాదు.

తల్లిదండ్రుల పాఠాలు నాలుగే, ఒక్కొక్కటి పది నిమిషాలే. ఈ మొత్తంలో అత్యుత్తమమైన భాగం ఏదంటే ఆ నలభై నిమిషాలనే చూపిస్తాను. అమ్మాయి బడి నుంచి గుమ్మంలో అడుగుపెట్టగానే నేను అడిగే మొదటి మాట 'తల ఎలా ఉంది?' అన్నది. పొద్దున్న లేవగానే అదే, రాత్రి పడుకునే ముందు అదే. ఒక రోజులో ఎన్నిసార్లు అడుగుతున్నారో లెక్కపెట్టమని మొదటి పాఠం చెప్పింది. లెక్కపెడితే పదకొండు. అడిగిన ప్రతిసారీ ఆ పిల్ల తన దృష్టిని తల లోపలికి తిప్పి, అక్కడ ఏముందో వెతికి చెప్పవలసి వచ్చేదన్న సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. నొప్పి ఉన్న రోజున టీవీ, సెల్లు, అమ్మ ఒడి అన్నీ దొరికి, నొప్పి లేని రోజున ఏమీ దొరకకపోతే, పిల్ల కావాలని చేయకపోయినా శరీరం ఒక పాఠం నేర్చుకుంటుందని రెండో పాఠం చెప్పింది. అక్కడ నాకు కోపం వచ్చింది, వీడియో ఆపేశాను. మర్నాడు మళ్లీ చూశాను. పిల్లను నిందించకుండా, తల్లిని దోషిగా నిలబెట్టకుండా ఆ మాట చెప్పడం సులభం కాదు, వాళ్లు చెప్పగలిగారు. తల ఎలా ఉందని అడగడం మానేశాను. నొప్పి ఉంటే తనే చెబుతుందని, చెబితే వెంటనే కదులుతానని ఒప్పందం చేసుకున్నాము. మొదటి వారం నాలుక కొరుక్కోవలసి వచ్చింది.

ఇక ఫలితం. మొదలుపెట్టక ముందు 28 రోజుల్లో 12 రోజులు తలనొప్పి ఉండేది. చివరి పాఠం అయ్యాక లెక్కించిన 28 రోజుల్లో తొమ్మిది, మరో రెండు నెలలకు ఏడు. వచ్చినప్పుడు నొప్పి తీవ్రతలో మార్పేమీ లేదు. ఎనిమిదిగా ఉండేది ఇప్పుడూ ఎనిమిదే అంటుంది. మారింది దాని తర్వాతి రోజు. మైగ్రేన్ వల్ల గడిచిన మూడు నెలల్లో బడి, ఇంటి పని, ఆటలు ఎన్ని రోజులు పోయాయో ఆరు ప్రశ్నలతో కొలిచే పెడ్‌మిడాస్ అనే కొలమానం ఉంది. అందులో 31 నుంచి 50 దాకా మధ్యస్థం, 11 నుంచి 30 దాకా స్వల్పం. మా అమ్మాయి లెక్క 46 నుంచి 24కు దిగింది. ఇదంతా శిక్షణ మహిమేనని నేను అనను. అదే కాలంలో పరీక్షలు అయిపోయాయి, నివారణ మందు మోతాదు ఒకసారి మారింది, పొద్దున్న తినడం అలవాటైంది. ఉత్తుత్తి మాత్రతోనే 61 శాతం మంది పిల్లలు మెరుగైన జబ్బులో, ఒక్క పిల్ల డైరీని చూపించి విజయం ప్రకటించడం తగదు. అయినా దవడ మీది ఆ గోలీకాయ కరిగిన మాట మాత్రం నా వేలికి తెలుసు.

ఎవరికి సలహా ఇస్తానంటే, మైగ్రేన్ అని వైద్యులు నిర్ధారించినవాళ్లకు, నెలలో కనీసం సగం రోజులైనా తల తేలికగా ఉండేవాళ్లకు, వారానికొక గంట పక్కన కూర్చోగల పెద్దవాళ్లున్న ఇంటికి. రోజూ నొప్పితోనే ఉండే పిల్లలకు, దిగులు ముదిరినవాళ్లకు, బడి పూర్తిగా మానేసినవాళ్లకు మనిషి ఎదురుగా ఉండే చికిత్సే కావాలి. ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, కాలూ చేయీ బలహీనపడడం, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, నిద్రలోంచి లేపే నొప్పి, పొద్దున్నే వాంతులు, రోజురోజుకూ పెరుగుతూ పోవడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే వైద్యుల దగ్గరికి పరుగెత్తాలి. ఈ హెచ్చరిక కార్యక్రమంలో ఉంది, మొదటి పుటలోనే ఉంది, ఆ మేరకు వాళ్ల బాధ్యత వాళ్లు నెరవేర్చారు.

ఐదింటికి మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. తల్లిదండ్రుల పాఠాలకు విడిగా ఇవ్వమంటే ఐదూ ఇస్తాను. చేరేవాళ్లు ఒక పని మాత్రం మరిచిపోకండి. ఖాతా 180 రోజులకు మూతపడుతుంది, డైరీని బయటికి తీసుకునే మీట ఎక్కడా లేదు. మేము 178వ రోజు రాత్రి కూర్చుని, తను చదువుతుంటే నేను, నేను చదువుతుంటే తను, తేదీలన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాము. వైద్యురాలికి తరువాతిసారి చూపించింది ఆ పుస్తకాన్నే.